నలభై కిలోమీటర్ల కాపురం

పెళ్లయిన దగ్గర్నుంచి మేం ఎక్కడ కాపురముండాలో మా ఆయన పనిచేసే బ్యాంకే చెప్పేది. ఒక రోజు కవరొచ్చేది. అనకాపల్లి అంటే అనకాపల్లి, సత్తుపల్లి అంటే సత్తుపల్లి. నేను గిన్నెలు పాత పేపర్లలో చుట్టేదాన్ని, ఆయన ముందుగా వెళ్లి పాలవాణ్ని మాట్లాడి వచ్చేవారు. ఊరు నచ్చకపోతే తిట్టుకోవడానికి హెడ్డాఫీసు ఉండేది. ఆయనకు అరవై నిండి, శాలువా కప్పి, దండేసి పంపించిన మర్నాటి నుంచి కవర్లు ఆగిపోయాయి. ఎక్కడుండాలో మేమే తేల్చుకోవాలి. తిట్టుకోవడానికి ఒకరికొకరం తప్ప ఎవరూ మిగల్లేదు.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఎక్సెల్ షీటొకటి తయారుచేసి పంపాడు. అడ్డంగా ఊళ్లు, నిలువుగా సౌకర్యాలు, చివర మార్కులు. అందులో కోయంబత్తూరుకు ఫస్టు ర్యాంకు. అక్కడ రిటైరైనవాళ్ల కోసమే కట్టిన అపార్టుమెంట్లున్నాయట, వేళకు టిఫిను గది దగ్గరికే వస్తుందట. "ఉగ్గాని, బజ్జీ ఇస్తారంటనా?" అని అడిగారు మా ఆయన. ఇవ్వరని తేలింది. కోయంబత్తూరు ఎగిరిపోయింది. విశాఖలో సముద్రం ఉంది గానీ చుట్టాల్లేరు. తిరుపతిలో దేవుడున్నాడు గానీ, ఆయన పేరు చెప్పుకుని మనింట్లో దిగే చుట్టాలు మరీ ఎక్కువ. హైదరాబాదులో అద్దెకున్న ఫ్లాటు నుంచి రోడ్డు దాటాలంటే ట్రాఫిక్ పోలీసు దయ కావాలి. అలా కొట్టేసుకుంటూ పోతే షీటులో రెండే ఊళ్లు మిగిలాయి. ఒకటి నంద్యాల, ఒకటి ఆళ్లగడ్డ.

రెండింటికీ మధ్య నలభై కిలోమీటర్లు. కలిపే జాతీయ రహదారి నంబరు కూడా నలభయ్యే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు పుట్టాక రెండూ నంద్యాల జిల్లా కిందికే వచ్చాయి. "అమ్మా, నేను రోజూ ఆఫీసుకే అంత దూరం పోయొస్తాను. దీనికోసమా ఇంత రచ్చ?" అన్నాడు మా వాడు. డాలస్ నుంచి చూస్తే రెండూ ఒకే చుక్క. కానీ ఒకటి నా పుట్టినిల్లు, రెండోది ఆయన పుట్టినూరు.

వాదన మొదట్లో మర్యాదగానే సాగింది. నేను రైలు సంగతి ఎత్తాను. నంద్యాలలో ఎక్కితే గుంటూరు వైపు పోవచ్చు, గుంతకల్లు వైపు పోవచ్చు, 2016 నుంచి ఎర్రగుంట్లకూ పోవచ్చు. ఆ కొత్త లైను బనగానపల్లెను పలకరించింది, కోయిలకుంట్లను పలకరించింది, ఆళ్లగడ్డ ముఖం మాత్రం చూడలేదు. "రైలు రాకపోబట్టే మా ఊరు నిమ్మళంగా ఉంది" అన్నారాయన. అక్కడితో ఆగకుండా విమానం తెచ్చారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, ఉయ్యాలవాడ ఆళ్లగడ్డ పక్కనే, కాబట్టి విమానాశ్రయం తమదేనట. "విమానం పేరు మీద దిగదండీ, నేల మీద దిగుతుంది. ఆ నేల నంద్యాల నుంచి కర్నూలుకు పోయే దారిలో ఉంది" అన్నాను.

కేసీ కెనాలు నీళ్లున్నాయన్నాను. దాన్ని తవ్విన ఇంగ్లీషు కంపెనీయే నష్టాలు భరించలేక 1882లో సర్కారుకు అమ్ముకుని పోయిందన్నారు. బ్యాంకు మనిషి గదా, కాలువలో కూడా ఆయనకు బ్యాలెన్సు షీటే కనపడుతుంది. పైగా నంద్యాలకు వానొస్తే కుందూ, మద్దిలేరు, చామకాలువ మూడూ కలిసి ఇంటికొస్తాయని, 2019 సెప్టెంబరులో మహానంది గుళ్లోకే నీళ్లొచ్చాయని గుర్తుచేశారు. ఎండ విషయంలో మాత్రం ఎవరం నోరెత్తలేదు. 2024 మే నెలలో నంద్యాల ఎండ గురించి పేపర్లన్నీ రాశాయి, ఆళ్లగడ్డ గురించి రాయలేదంటే అక్కడ చల్లగా ఉందని కాదు.

ఇక లాభం లేదని నేను పెద్దవాళ్లను రంగంలోకి దించాను. మా నంద్యాల మామూలు ఊరు కాదు, రిటైరయ్యేవాళ్లను మళ్లీ నిలబెట్టిన ఊరు. పి.వి. నరసింహారావు 1991 ఎన్నికల్లో పోటీ చేయలేదు. ఇక చాలనుకుని, ఢిల్లీలోని పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్దించి హైదరాబాదుకు పంపించేశారు. సరిగ్గా మాలాగే. అంతలో ప్రధానమంత్రి అయ్యారు. ఆర్నెల్లలో ఎంపీ కావాలి, ఎక్కడినుంచి? పెరిగిన కరీంనగర్ జిల్లా కాదు, మా నంద్యాల. ఐదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీ ఇచ్చి పంపాం. "దేశాన్ని ఏలే మనిషికే చోటిచ్చిన ఊరు, మీ ఒక్కరికి ఇవ్వదా?" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అలా తుడిచారంటే లెక్కల్లో తప్పు దొరికిందని. "1996లో ఆయన నంద్యాలలోనూ గెలిచినాడు, ఒడిశాలో బరంపురంలోనూ గెలిచినాడు. ఏది ఉంచుకున్నాడు?" బరంపురం. "నంద్యాల సీటు ఖాళీ అయితే ఉప ఎన్నికలో ఎవరు గెలిచినారు? మా ఆళ్లగడ్డ భూమా నాగిరెడ్డి." అంతటితో వదిలితే బాగుండేది. "ఇంకొకటి. 1977లో రాష్ట్రమంతా జనతా పార్టీకి ఒక్క సీటొచ్చింది, అది నంద్యాల. నీలం సంజీవరెడ్డి. స్పీకరైనాడు, రాష్ట్రపతి అయినాడు. 1982లో దిగిపోయి యాడికి పోయినాడు? నంద్యాలకు వచ్చినాడా? తను పుట్టిన అనంతపురం జిల్లాకే పోయినాడు. మగోడికి చివరికి పుట్టినూరే."

"ఆయన భార్యను ఎవరైనా అడిగినారా, ఏ ఊరు పోదామని?"

దానికి చరిత్రలో జవాబు లేదు. మా ఆయన దగ్గర కూడా లేదు.

సరే, చూసొద్దామని బయల్దేరాం. ముందు ఆళ్లగడ్డ. తాతలనాటి మిద్దె. అన్నదమ్ముల పంపకాల్లో మా వాటాకు నడిమింట్లో సగం, పొయ్యి లేని వంటిల్లు, మిద్దె మీదికి పోయే మెట్లు మొత్తం వచ్చాయి. మిద్దె మాత్రం చిన్నమామగారిది. అంటే మెట్లెక్కడానికి మాకు హక్కుంది, పైన కాలు పెట్టడానికి లేదు. వాళ్లకు పైన ఒడియాలు ఎండబెట్టుకునే హక్కుంది, అక్కడికి చేరే దారి లేదు. ముప్పై ఏళ్లుగా ఇరుపక్షాలూ నిచ్చెన వాడుతున్నాయి. మా ఆయన మాత్రం పొంగిపోతూ గోడలు తడిమారు. కింద బేతంచెర్ల బండలు, పైన నల్లబడిన టేకు దంతెలు. మూడో దంతెకు ఇంకా ఇనుప కొక్కెం ఉంది. తనను ఊపిన ఉయ్యాల దానికే కట్టారట. "మా మనవడు వస్తే దీనికే కడదాం" అన్నారు. మనవడికి పదకొండేళ్లు, ఎత్తు నాతో సమానం.

ఇంతలో పెద్దత్త వచ్చింది. మామగారి అన్న భార్య, ఎనభై దాటింది. కర్ర ఆనించి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏమ్మే, వచ్చినావా? ఇంగ ఈడనే ఉంటారంట గదా. రేపు పొద్దున్నే రా, రొట్టెల పిండి పిసికేకి చేతులు రావడంల్యా నాకు." నేను హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పదో తరగతి పిల్లలు నన్ను చూసి వరండాలో దారి మార్చుకునేవాళ్లు. అయినా ఆ వాకిట్లో నేను కొత్తకోడలినే. అరవయ్యో ఏట కూడా పప్పులో ఉప్పెంతేశానో ఆమెకు లెక్క చెప్పాలి. అదే వాకిట్లో మా ఆయన ఎట్లుండారో చూడండి. నులకమంచం మీద కాళ్లు చాపుకుని కూచున్నారు. పొయ్యేవాళ్లు, వచ్చేవాళ్లు "ఏం నాయనా, ఎప్పుడొచ్చినావు?" అంటున్నారు. తల నెరిసిన మనిషిని ఇంకా 'అబ్బోడు' అని పిలిచే ఊరది. ఆయనకు కావలసింది రైలూ కాదు, నీళ్లూ కాదు, ఆ పిలుపు.

నవంబరులో పెన్షను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి గదా, ఆళ్లగడ్డలో అయితే సర్టిఫికెట్టే అక్కర్లేదని ఆయన వాదన. నాలుగు రోడ్ల కాడ టీ తాగితే చాలు, బతికే ఉన్నాడని ఊరంతా సాక్ష్యం చెబుతుందట. బ్యాంకు మాత్రం ఊరి మాట తీసుకోదు. జీవన్ ప్రమాణ్ యంత్రం వేలిముద్ర అడుగుతుంది, ఏళ్ల తరబడి నోట్లు లెక్కపెట్టి అరిగిన ఆ వేలిని అది మొన్న కూడా గుర్తుపట్టలేదు.

తర్వాత నంద్యాల. బ్రోకరు పద్మావతినగర్‌లో ఫ్లాటు చూపించాడు. గదులు చూపిస్తాడనుకుంటే బాల్కనీలోకి తీసుకుపోయి వీధి చూపించాడు. "సార్, ఎదురుగా గుండె డాక్టరు. ఆ సందులో మోకాళ్ల డాక్టరు. షుగరుకు రోడ్డు కూడా దాటబల్లేదు. స్కానింగు కిందనే." మా ఆయన నా వైపు వంగి, "వీడు ఇల్లు చూపిస్తాండాడా, వార్డు చూపిస్తాండాడా?" అన్నారు. నాకు మాత్రం ఆ వీధి స్వర్గంలా కనపడింది. మా తమ్ముడిల్లు అక్కడికి రెండు వీధులు. తమ్ముడి భార్య ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, "వదినా, మీరు ఈడికొస్తే నాకు చానా ధైర్యం" అంది. పిండి పిసకమనలేదు. ఆయనకు మాత్రం కుర్చీ వేశారు, ఫ్యాన్ అటు తిప్పారు, తమ్ముడి పిల్లలు కూడా మాట్లాడ్డం మానేసి నిలబడ్డారు. అల్లుడొచ్చినాడు గదా. అరగంట రాజులా కూచున్నారు. తర్వాత కాలు చాపాలనిపించింది, చాపలేకపోయారు. అల్లుడు కాళ్లు చాపకూడదు.

తిరుగుదారిలో మళ్లీ ఆళ్లగడ్డలో బండి ఆపించారు, శిల్పుల దగ్గర. రోడ్డు పక్క షెడ్లలో ఉలి చప్పుడు ఆగదు. ఒక పక్క నల్లరాతి వేంకటేశ్వరుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఆయన పొట్ట మీద శిల్పి టీ గ్లాసు పెట్టుకున్నాడు. అవతల ఇంకా చేతులు తేలని నాయకుడొకరు. ఎవరో పోల్చలేదు, కళ్లజోడు చెక్కితే తెలుస్తుందట. "ఈ సామి యాడికి పోతాడు?" అని మా ఆయన అడిగితే, "అమెరికాకు సార్. డబ్బా గూడా రెడీ" అన్నాడు శిల్పి, దుమ్ము ఊదుతూ. మా ఆయన చాలాసేపు ఆ విగ్రహం వైపే చూశారు. పని పూర్తికాకముందే ఎక్కడికి పోవాలో ఆర్డరు చేతికొచ్చిన దేవుణ్ని చూసి అసూయ పడ్డారని నాకు అర్థమైంది.

అబ్బాయి ఫోన్లో రాజీ ప్రతిపాదన తెచ్చాడు. "రెండిటికీ మధ్యలో శిరివెళ్ల ఉంది. అక్కడ తీసుకోండి." శిరివెళ్ల మంచి ఊరే. కానీ అక్కడ ఆయన అబ్బోడు కాదు, నేను ఆడబిడ్డను కాదు. ఇద్దరం కలిసి ఒక్క గొంతుతో వద్దన్నాం. ఈ వ్యవహారం మొత్తంలో మేం ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడే.

చివరికి తీర్పు అహోబిలంలో దొరికింది. ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల లోపే, నల్లమలలో. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకుని మెట్ల మీద కూచున్నాం. మా ఆయన తన వాళ్ల ఇలవేల్పు గొప్ప చెబుతున్నారు. సంక్రాంతి తర్వాత పారువేటకు బయల్దేరి స్వామి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని తనే పిలుస్తాడు, ఎక్కడా లేని వైభోగం.

"పెళ్లెవరితో?" అన్నాను.

"తెలీనట్టు అడుగుతావేం? చెంచులక్ష్మి."

"ఆమెదే ఊరు?"

ఆయన అడవి వైపు చూశారు. చెంచుల పిల్ల, నల్లమలలో పుట్టింది. చెంచులు స్వామిని ఇప్పటికీ అల్లుడనే అంటారు. వైకుంఠం నుంచి దిగొచ్చినవాడు, హిరణ్యకశిపుణ్ని చీల్చినవాడు, పని ముగిశాక ఎక్కడ స్థిరపడ్డాడు? భార్య పుట్టింటి అడవిలో. "మీ దేవుడే అత్తగారి ఊళ్లో ఉండిపోయినాడు. మీకేమొచ్చింది?"

ఆయన కళ్లజోడు తీశారు. తుడవలేదు, జేబులో పెట్టుకున్నారు. నంద్యాలలో ఇల్లు తీసుకున్నాం.

కొనలేదు, అద్దెకే. గుండె డాక్టరున్న వీధి కాదు, పంటి డాక్టరున్న వీధి. మా ఆయన ఒకే షరతు పెట్టారు, ఆళ్లగడ్డకు ఎప్పుడు పోయినా అడగకూడదు. నేను ఒప్పుకున్నాను. ఎప్పుడన్నా అంటే పండగకో, పెళ్లికో అనుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని ఆయన బస్టాండుకు పోతున్నారు. ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకు టికెట్టులో పాతిక శాతం రాయితీ, దాన్ని వదులుకోవడం బ్యాంకు మనిషికి పాపం. అక్కడ నాలుగు రోడ్ల కాడ టీ, శిల్పుల షెడ్డులో ఒక గంట, పెద్దత్త దగ్గర కొర్రన్నం, నులకమంచం మీద కునుకు. సాయంత్రం ఏడింటికి చొక్కా నలిపేసుకుని ఇంటికొచ్చి, "అబ్బ, ఈ రోజు బస్సులో నిలబడాల్సి వచ్చింది" అని కుర్చీలో వాలిపోతారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆయన ఇంత వేళకు బయల్దేరగా నేను చూడలేదు. ఆదివారమన్నా ఇంట్లో ఉండమంటే, ఆ రోజు దాయాదులంతా ఇళ్ల దగ్గరే దొరుకుతారు, అసలు తప్పేది లేదంటారు. మిద్దె మెట్ల పంచాయితీ కూడా మళ్లీ తెరిచారని మొన్న తెలిసింది.

ఎదురింటావిడ కొన్నాళ్లు గమనించి, నిన్న గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"వదినా, అన్న రిటైరైనాడన్యారు. మళ్లీ యాడన్నా డ్యూటీకి పోతాండాడా?"

"ఆళ్లగడ్డకు" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఆమె కాసేపు ఆలోచించింది. "మా ఆయన గూడా జూన్‌లో రిటైరవుతాడు వదినా. ఆడ ఇంగో పోస్టుంటే కొంచెం చూడమని చెప్పు అన్నకు."