గేటుకి వీపు తిప్పి

దేశభక్తిలో నన్ను మించినవాడు మనుబోలు మండలంలోనే లేడని నా నమ్మకం. ఆగస్టు పదిహేనుకి బడి దగ్గర అందరికంటే గట్టిగా జై కొట్టేది నేనే. అలాంటివాణ్ణి, అమృత్‌సర్ దాకా పోయి ముప్పై కిలోమీటర్ల అవతలున్న అట్టారీ సరిహద్దు చూడకుండా వస్తానా?

స్వర్ణదేవాలయంలో లంగర్ భోజనం చేసి, నేనూ బావా మధ్యాహ్నమే బయల్దేరాం. 1959 నుంచీ అక్కడ సాయంత్రంపూట రెండు దేశాల జెండాలూ దించుతున్నారు. ఇటు మన బీఎస్‌ఎఫ్, అటు పాకిస్తాన్ రేంజర్లు. గేటుకి అవతలిది వాఘా.

గ్యాలరీలో కూచోగానే నాకు పూనకం వచ్చేసింది. ఎర్ర తురాయి తలపాగాల జవాన్లు నుదుటిదాకా కాలెత్తి బూటుతో నేలని దద్దరిల్లిస్తున్నారు. అవతలి అరుపు మా అరుపుని మించకూడదు, అదే నా పంతం. "అరువు బావా, లాహోర్‌లో వినపడాల!" అన్నాను. "కూచోబ్బా, ముందు అటు చూడు" అంటానే ఉన్నాడు బావ. వింటేనా! లేచాను, ఫోను తీశాను, నా మొహమూ గేటూ కలిసి పడాలని వెనక్కి తిరిగాను, అరిచాను, వీడియో సరిగా రాలేదని మళ్లీ అరిచాను. ఇటు తిరిగేసరికి జెండా మడతపెట్టి తీసుకుపోతున్నారు. గేటు మూసేశారు.

మీ దగ్గర దాపరికమెందుకు? చూడటం కంటే, చూశామని నలుగురికీ చూపించుకోవాలన్న ఆత్రమే మనకి ఎక్కువ. తిరుణాళ్లలో, పెళ్లిళ్లలో మీరూ ఈ పని చేసే ఉంటారు.

ఊరొచ్చి టీకొట్టు దగ్గర వీడియో చూపిస్తుంటే, మిలిటరీలో చేసొచ్చిన పెద్దాయన ఒకే మాట అడిగాడు: "ముందు ఎవరి జెండా దిగిందయ్యా?" నాకు నోరు పెగల్లేదు. ఆయనే చెప్పాడు. ముందూ వెనకా ఉండవంట. రెండు జెండాలూ ఏటవాలు తాళ్ల మీద, ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఒకే వేగంతో దిగాలంట. ఒకరు తొందరపడితే ఒక జెండా పైన, రెండోది కింద అయిపోతుంది. అలా కాకుండా చూసుకునే బాధ్యత ఇద్దరిదీ. అంత రౌద్రంగా ఎదురు నిలబడ్డవాళ్లే గేటు తీసి చెయ్యి కలుపుతారంట.

మేం వెళ్లొచ్చాక, 2025 ఏప్రిల్‌లో జరిగిన పహల్గాం ఉగ్రదాడి తర్వాత గేటు తెరవడం, చెయ్యి కలపడం ఆపేశారు. అంతమంది అమాయకుల్ని పొట్టన పెట్టుకున్నాక ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ అవి కళ్లెదుట జరిగిన రోజున అక్కడుండీ చూడలేదే అన్న బాధ నన్ను వదలడం లేదు. శత్రువు ఎదుట కూడా మర్యాద తప్పని జవాను నిగ్రహం ఎంత సాధన చేస్తే వస్తుంది! దానికి నేను చూపించింది నా వీపు.

మీరు వెళితే జై కొట్టండి, గొంతు పోయేలా కొట్టండి. బ్యూగిల్ మోగాక మాత్రం ఫోను జేబులో పెట్టేసి ఆ తాళ్ల వంక చూడండి. మన దేశం మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.