నూరు మీద హ్యాండ్‌బ్రేకు: టీకా తాత్పర్య విశేషాలు

వేగంగా పోతున్న బండిని హ్యాండ్‌బ్రేకు లాగి ఆపడం, లేదా ఉన్నచోటే గిర్రున తిప్పడం డ్రైవింగు విద్యకు పరాకాష్ఠ అన్న నమ్మకం హైవే పక్క ఊళ్లలో గట్టిగా ఉంది. పూతలపట్టు అలాంటి ఊరే. కర్నూలు నుంచి పీలేరు మీదుగా చిత్తూరు పోయే 40వ నంబరు జాతీయ రహదారి, తిరుపతి నుంచి వచ్చే 140వ నంబరు రహదారి అక్కడ కలుస్తాయి. టీ కొట్టు బెంచీ మీద చెల్లుబాటయ్యే ఆ నమ్మకాన్ని ఆటవెలదిలో బిగిస్తే ఇలా ఉంటుంది.

మూలం

నూరు మీద బండి నున్నని రోడ్డున
పోవు వేళ నడ్డు పొట్టిమేక
దాట, హ్యాండు బ్రేకు దబ్బున లాగిన
వాడె డ్రైవరండ్రు వాడలోన.

ప్రతిపదార్థం

బండి = కారు; నూరు మీద = ముల్లు నూరు దగ్గర ఆడుతుండగా; నున్నని రోడ్డున = గుంతలు లేని రోడ్డు మీద; పోవు వేళన్ = పోయే సమయంలో; పొట్టిమేక = పొట్టిదైన మేక; అడ్డు దాటన్ = అడ్డంగా దాటగా; దబ్బున = ముందూ వెనకా చూడకుండా; హ్యాండు బ్రేకు = రెండు సీట్ల నడుమ ఉండే లివరును; లాగినవాడె = పైకి లాగిన మనిషే; డ్రైవరు = అసలు సిసలు డ్రైవరు; అండ్రు = అని అంటారు; వాడలోన = వీధిలో, అనగా రోడ్డు మీద కాదని భావం.

తాత్పర్యం

నూరు కిలోమీటర్ల వేగంలో మేక అడ్డమొస్తే కాలిబ్రేకు తొక్కేవాడు సామాన్యుడు, చేతిబ్రేకు లాగేవాడు ఘనుడు అని లోకులు అనుకుంటారు.

టీక

"నూరు": ఇది అతిశయోక్తి కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం అంతే. కనుక నాయకుడు ఇంతవరకు చట్టానికి లోబడే ఉన్నాడు. ఆ వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మేక కంటపడి చెయ్యో కాలో కదిలేలోపే ఆ 28 మీటర్లు ఖర్చవుతాయి.

"పొట్టి": యతి కోసం వచ్చిన విశేషణం. మేక ఎత్తుతో బ్రేకుకు పని లేదు.

"హ్యాండు బ్రేకు": అసలు వ్యాఖ్య అవసరమైన పదం ఇదే. మామూలు కారులో లివరు కింద ఉక్కు కేబులు ఉంటుంది. అది వెనక చక్రాలకు పోయి, డ్రమ్ములోని షూలను విప్పార్చి డ్రమ్ముకు ఒత్తుతుంది. ముందు చక్రాలకు దానితో సంబంధం లేదు. ముందు చక్రాలను పట్టే హ్యాండ్‌బ్రేకు కొన్ని పాత సాబ్, సిట్రోయెన్ కార్లకు ఉండేది. చిత్తూరు జిల్లా రోడ్ల మీద దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. పట్టు ఎక్కువ ఉన్నది ముందు, హ్యాండ్‌బ్రేకు బిగించేది వెనక. అందుకే పొడి తారు రోడ్డు మీద కాలిబ్రేకుతో సుమారు 50 మీటర్లలో ఆగగల కారుకు, వెనక రెండు చక్రాలే బిగిస్తే దాదాపు 145 మీటర్లు కావాలి. ఇది కూడా చక్రాలు తిన్నగా ఉండి, రోడ్డు సహకరించి, నాయకుడి అదృష్టం బాగున్నప్పటి లెక్క. మేకకు అంత ఓపిక ఉండదు.

"దబ్బున": కావ్యదోషం లేదు గాని ప్రాణదోషం ఉంది. లివరును ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు తిరగడం మానేసి ఈడ్చుకుపోతాయి. తిరిగే టైరు బండిని తన దారిలో నిలబెడుతుంది. ఈడ్చుకుపోయే టైరుకు ముందూ పక్కా ఒకటే, ఎటు తోస్తే అటు జారుతుంది. స్టీరింగు వెంట్రుకవాసి పక్కకు ఉన్నా, రోడ్డు కాస్త వాలుగా ఉన్నా, వెనక భాగం ముందు భాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. తిరుపతికి బయలుదేరిన కారు క్షణంలో చిత్తూరు వైపు మొహం తిప్పుతుంది, ప్రయాణం మాత్రం తిరుపతి వైపే సాగుతూ ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన ఏబీఎస్ ఇక్కడ ఆదుకోదు. అది కాలిబ్రేకు నూనె ఒత్తిడిని సవరించే యంత్రం. కేబులు దాని మాట వినదు.

ఆక్షేపం, సమాధానం

ర్యాలీ డ్రైవర్లు లాగడం లేదా అని పూర్వపక్షి అడుగుతాడు. లాగుతారు, నిజమే. అయితే వాళ్లు లాగేది ఆపడానికి కాదు, వెనక భాగాన్ని కావాలనే జార్చి హెయిర్‌పిన్ మలుపులో బండి మొహం తిప్పడానికి. మట్టిరోడ్డు, మూసేసిన దారి, మలుపు ముందు బాగా తగ్గించుకున్న వేగం, నెత్తిన హెల్మెట్, ఒంటి చుట్టూ ఉక్కు పంజరం. ఆ లివరు కూడా తరచు కేబులుది కాదు, నూనె ఒత్తిడితో పనిచేసేది. పైగా లాగే క్షణంలో క్లచ్చు తొక్కాలి. మూలంలో లేనిది వ్యాఖ్యలో చొప్పించకూడదన్నది సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టిన కట్టడి. కాని క్లచ్చును మరిచిన కవిని సమర్థించడం ఆయన వల్ల కూడా కాదు.

సినిమాలో చూశామన్నది రెండో ఆక్షేపం. దానికి సమాధానం అక్కరలేదు.

బ్రేకు ఫెయిలైతే ఏం చేయాలన్నది మూడోది, ఇది గట్టిది. ఇక్కడ మాత్రం హ్యాండ్‌బ్రేకుకు కదిలే బండిలో స్థానం ఉంది. పెడలును పదేపదే తొక్కి చూడాలి, గేర్లు ఒక్కొక్కటే దించాలి, ఆ తర్వాత లివరు కొసన ఉన్న బొత్తాన్ని నొక్కిపట్టుకునే కొంచెం కొంచెం లాగాలి. వెనక భాగం ఊగినట్టు అనిపిస్తే వెంటనే వదలాలి. బొత్తాం నొక్కి ఉంచకపోతే లివరు పళ్లలో చిక్కి వదలడం ఆలస్యమవుతుంది. "దబ్బున" అన్న మాటకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఇక మేకను కొట్టాక బ్రేకు ఫెయిలైందని చెప్పుకునేవారికి పక్కనే ఇరాల మండలంలో, సత్యప్రమాణాలకు పేరుపడ్డ కాణిపాకం ఉంది. ప్రమాణం చేయమనేవాళ్లకూ కొదవలేదు.

లారీకి ఈ పద్యం వర్తించదు. గాలి బ్రేకుల బండిలో పార్కింగు బ్రేకును బిగించేది స్ప్రింగు, వదిలించి ఉంచేది గాలి. గాలి పోతే బ్రేకు తనంతట తానే పడుతుంది. కాని మొగిలి ఘాటు దిగే లోడు లారీకి వచ్చే చిక్కు సాధారణంగా గాలిది కాదు. న్యూట్రల్‌లో దించడం, దారంతా బ్రేకు తొక్కుతూ రావడం, డ్రమ్ములు కాలి పట్టు తప్పడం. అప్పుడు స్ప్రింగు ఒత్తేది కూడా కాలిన ఆ డ్రమ్ములనే. ఏ గేరులో మిట్ట ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఈ విషయంలో హ్యాండ్‌బ్రేకు కన్న బలమైనది. తిరుమలలో 1944 నాటి మొదటి ఘాట్‌రోడ్డు మీద దిగే బండ్లకు సమయం కట్టి, ముందుగా దిగినవారిని తప్పుపట్టడంలో ఉన్నదీ ఈ తర్కమే.

స్మృతి ప్రమాణం

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం లైసెన్సు పరీక్షలో ఏమేం చూడాలో చెబుతుంది. దిగుడులో త్వరగా కింది గేర్లకు మార్చడం అందులో ఉంది. నిటారు మిట్ట మీద ఆపి, హ్యాండ్‌బ్రేకును సరిగా వాడుతూ, బండి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం కూడా ఉంది. నూరు మీద లాగడం లేదు.

విశేషాలు

రసం విషయానికి వస్తే మొదటి పాదంలో వీరం, రెండోదానిలో అద్భుతం, మూడోదానిలో భయానకం, నాలుగోదానిలో హాస్యం ఉన్నాయి. ఆటవెలదికి ఐదో పాదం లేదు కాబట్టి కరుణరసానికి చోటు దొరకలేదు. "అండ్రు" అనడంలో కవి జాగ్రత్త కనిపిస్తుంది. లోకుల మాటను లోకుల మీదే పెట్టి తాను తప్పుకున్నాడు. కొత్త కార్లలో చాలావాటికి లివరే లేదు, చిన్న స్విచ్చు ఉంది. పరుగులో దాన్ని పట్టి ఉంచితే కంప్యూటరు చాలా బండ్లలో నాలుగు చక్రాలకూ బ్రేకు వేస్తుంది. ఆ బండ్లు పెరిగేకొద్దీ పద్యం పాతబడుతుంది.

హ్యాండ్‌బ్రేకు యోగ్యత తేలేది దామలచెరువు మామిడి మండీ ముందు లోడుతో ఆగిన బండిలో, మిట్ట మీద కదలబోయే కారులో. అక్కడ లివరు పైదాకా లాగినా బండి జారుతుంటే కేబులు సాగిందో, షూలు అరిగాయో అయి ఉంటుంది. టైరు కింద రాయి పెట్టుకుని కాలం గడపకుండా మెకానిక్‌కు చూపించి బిగించుకోవాలి.