ఓటమికి నాలుగు ఖాతాలు

లోక్‌సభ ఎన్నికల్లో ఓడేది అభ్యర్థి, ఆ ఓటమిని మోసేది అభిమాని. అభ్యర్థికి అది ఒక పూట పని. సాయంత్రానికల్లా ప్రజాతీర్పును శిరసావహిస్తున్నానని మైకు ముందు చెప్పేసి కారెక్కుతాడు. అభిమానికి ఆ వెసులుబాటు లేదు. మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం అతను వీధిలోకి రాక తప్పదు. అవతలి పార్టీ వాడు ఆ రోజు మాత్రం అలారం పెట్టుకుని మరీ లేచి, గేటు దగ్గర పళ్లు తోముతూ నిలబడి ఉంటాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ సెక్టర్ 4లో ఈ బాధ మరీ దగ్గరగా వినిపిస్తుంది. సోవియట్ సాయంతో ఇక్కడ కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి క్వార్టర్లలో స్థిరపడ్డాయి. క్వార్టర్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గోడకి ఇటువైపు వేసిన పోపు అటువైపు తుమ్ము తెప్పిస్తుంది. ఓట్ల లెక్కింపు రోజు ఎనిమిది గంటలకు అన్ని ఇళ్లలోనూ టీవీ ఒకే స్థాయిలో అరుస్తుంది. పదకొండు గంటలకు ఏ ఇంట్లో సౌండు తగ్గిందో, ఆ ఇల్లు ఓడిపోయినట్టు. పన్నెండుకి అదే ఇంట్లోంచి పాత సినిమా పాట వినిపిస్తే ఓటమి ఖరారైనట్టు. ఎన్నికల సంఘం ధ్రువీకరించడం ఆ తర్వాతి మాట.

అయితే సెక్టర్ 4 తెలుగు అభిమాని పూర్తిగా ఓడిపోవడం చాలా కష్టం. అతనికి నాలుగు ఖాతాలుంటాయి. మొదటిది ఢిల్లీ. రెండోది దుర్గ్ లోక్‌సభ స్థానం. మూడోది రాష్ట్రం, 2000 నవంబరు 1 దాకా అది మధ్యప్రదేశ్, ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్. నాలుగోది సొంతూరున్న ఆంధ్ర. ఒక ఖాతాలో లోటు పడితే ఇంకో ఖాతాలోంచి తీసి సర్దుతాడు.

ఈ సర్దుబాటు ఎంత పాతదో 1977 చూపిస్తుంది. ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలోనే ఓడారు. దుర్గ్‌లో జనతా పార్టీ తరఫున మోహన్ భయ్యా గెలిచారు. మధ్యప్రదేశ్‌లోని 40 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కింది ఛింద్వాడా ఒక్కటే. కాంగ్రెస్ అభిమానికి మూడు ఖాతాలూ ఖాళీ. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 కాంగ్రెస్‌వే. జనతాకు మిగిలింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే. ఉత్తర భారతం మొత్తం ఊడ్చుకుపోయినా తెలుగు కాంగ్రెస్ అభిమాని తల ఎత్తుకుని డ్యూటీకి వెళ్లడానికి ఆ 41 చాలు. 1984లో ఇదే సౌకర్యం బీజేపీ అభిమానికి దక్కింది. దేశమంతటా ఆ పార్టీకి వచ్చింది రెండే సీట్లు. అందులో ఒకటి హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి ఓడించింది పి.వి. నరసింహారావును. రెండు సీట్ల పార్టీలో సగం వాటా తెలుగువాడిదైతే, ఆ అభిమానిని ఓడినవాడని ఎలా అంటారు?

2004 నుంచి వరసగా మూడు ఎన్నికల్లో దుర్గ్ దేశానికి ఎదురీదింది. 2004లో కేంద్రంలో బీజేపీ ప్రభుత్వం పోయింది, దుర్గ్‌లో బీజేపీ అభ్యర్థి తారాచంద్ సాహు గెలిచారు. 2009లో కేంద్రం మళ్లీ కాంగ్రెస్‌ది, దుర్గ్ బీజేపీ అభ్యర్థి సరోజ్ పాండేది. 2014లో బీజేపీ 282 సీట్లతో దేశాన్ని గెలిచింది, ఛత్తీస్‌గఢ్‌లో 11కి 10 తెచ్చుకుంది, పోయిన ఆ ఒక్కటీ దుర్గే. తామ్రధ్వజ్ సాహు సుమారు 17 వేల తేడాతో కాంగ్రెస్‌ను గట్టెక్కించారు. అంటే గెలిచినవాడు ఇంట్లో ఓడాడు, ఓడినవాడు ఇంట్లో గెలిచాడు. వీధిలో టపాసులు ఎవరు కాల్చాలన్న విషయంలో ఇద్దరికీ హక్కుంది, ఇద్దరికీ మొహమాటమూ ఉంది.

ఓటమి సోకిన అభిమానిలో లక్షణాలు ఒక వరసలో బయటపడతాయి. మొదటిది 'ఇంకా రౌండ్లున్నాయి' దశ. మన పార్టీకి పట్టున్న బూత్‌లు ఎప్పుడూ చివర్లోనే ఉంటాయని నమ్మే దశ ఇది. రెండోది అభ్యర్థి దశ: పార్టీ మంచిదే, టికెట్ తప్పుడు మనిషికిచ్చారు. మూడోది జనం దశ: అన్నీ తిని ఓటు మాత్రం అటు వేశారు. నాలుగోది వైరాగ్యం: ఇక రాజకీయాల జోలికి పోనని భార్య ఎదుట ప్రకటిస్తాడు. ఆమె ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లు విందో లెక్క చెప్పకుండా కూర తరుగుతూ ఉంటుంది. శరీరం కూడా సాక్ష్యం చెబుతుంది. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి పరిశోధకులు ఓటర్ల లాలాజలం పరీక్షిస్తే, ఓడిన మెకెయిన్‌కు ఓటేసిన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ పడిపోయింది, ఒబామాకు ఓటేసినవాళ్లలో నిలకడగా ఉంది. సెక్టర్ 4లో దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మీసం మీదున్న చెయ్యి గడ్డం కిందికి వచ్చిందంటే సరిపోతుంది.

భాషలో వచ్చే మార్పు ఇంకా కచ్చితమైనది. 1976లో మనస్తత్వవేత్త రాబర్ట్ చియాల్డినీ బృందం అమెరికాలో ఒక సంగతి కనిపెట్టింది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే విద్యార్థులు తమను కూడా కలుపుకుని గెలిచామంటారు, ఓడితే వాళ్లు ఓడారంటారు. ఇంగ్లీషుకు ఉన్నవి ఆ రెండు మెట్లే. తెలుగుకు మూడున్నాయి. గెలిచిన రోజు 'మనం గెలిచాం'; అందులో ఎదుటివాడికీ చోటుంటుంది, ఓటు వేయని వాడికి కూడా. ఓటమి తేలుతున్నప్పుడు 'మేం కాస్త వెనకబడ్డాం'. ఎదుటివాణ్ని మర్యాదగా బయటికి పంపేశారు. సాయంత్రానికి 'వాళ్లు ఓడిపోయారండీ'. ఇప్పుడు చెప్పేవాడు కూడా బయటికి వచ్చేశాడు. పార్టీ ఆఫీసులో ఇక కుర్చీలే మిగులుతాయి.

వీటన్నిటికీ ఆఖరి మందు యంత్రం. ఈవీఎంలు రాకముందు ఆ పాత్ర సిరాకు ఉండేది. 1971లో దక్షిణ ఢిల్లీలో ఓడిన జనసంఘ్ నాయకుడు బల్‌రాజ్ మధోక్, మాయమయ్యే రష్యా సిరాతో బ్యాలెట్లను మార్చారని ఆరోపించారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, రుజువు కాలేదు. భిలాయ్‌కి ఇది కొంచెం ఇబ్బందికరమైన సంగతి: ఇక్కడ కొలిమి పెట్టడానికి సాయపడిన దేశమే, అక్కడ చెరిగిపోయే సిరా పంపిందని ఆ ఆరోపణ. 2004లో తొలిసారి లోక్‌సభ స్థానాలన్నిటా ఈవీఎంలు వచ్చాయి. 2009 ఓటమి తర్వాత యంత్రాలపై అనుమానాలతో బీజేపీకి చెందిన జి.వి.ఎల్. నరసింహారావు 2010లో పుస్తకమే రాశారు, దానికి ముందుమాట అద్వానీది. ఆ అనుమానం తర్వాత కాంగ్రెస్ ఇంటికి, 2019లో తెలుగుదేశం ఇంటికి, 2024లో వైఎస్సార్‌సీపీ ఇంటికి కాపురం మార్చింది. యంత్రం అదే. అనుమానం గెలిచినవాడి ఇంట్లో మాత్రం ఒక్క రాత్రి కూడా పడుకోదు.

2024 జూన్ 4 ఈ శాస్త్రానికే పరీక్ష పెట్టింది. 303 నుంచి 240కి దిగిన బీజేపీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది, 52 నుంచి 99కి ఎక్కిన కాంగ్రెస్ ప్రతిపక్షంలో కూర్చుంది. గెలిచినవాడి మొహం వాడిపోయి, ఓడినవాడి మొహం వెలిగిపోయిన ఫలితం ఇది. దుర్గ్‌లో బీజేపీ అభ్యర్థి విజయ్ బఘేల్ 4 లక్షలకు పైగా తేడాతో గెలిచారు. ఆంధ్ర అసెంబ్లీలో వైఎస్సార్‌సీపీ 151 మధ్యలోంచి 5 జారిపోయి 11 మిగిలింది, తెలుగుదేశం 16 మంది ఎంపీలు కేంద్రానికి ఊతకర్ర అయ్యారు. అందుకే సెక్టర్ 4లో ఆ రోజు తెలుగుదేశం అభిమాని ఒక్కడే నాలుగు ఖాతాల్లోనూ నవ్వాడు. నాలుగూ నిండిన మనిషితో ఎవరికీ పొద్దుపోదు కనుక, మిగతా వీధి అతన్ని వదిలేసి తమలో తాము వాదించుకుంది.

ఈ వాదనలు తేలే చోటు బోరియా మార్కెట్ వైపు పాన్ ఠేలా. పందెం సాధారణంగా పోహా, జిలేబీ. 2014 ఫలితం మర్నాడు ఇద్దరు ఇలా కూర్చున్నారనుకోవాలి:

"ఏటి బావా, దేశమంతా ఊపేసినారు గానీ ఇంట్లో దీపం ఎలిగించలేకపోనారు!"

"నీకున్నవి నలభై నాలుగు సీట్లు. అందులో దుర్గ్ ఒకటి పట్టుకోని ఏలాడతన్నావు. పందెం నువ్వే ఓడినావు, పైసలు తియ్యి."

"దుర్గ్ మీద కాసినాం బావా, ఢిల్లీ మీద కాదు."

ప్లేట్లు ఖాళీ అవుతాయి. రెండు గంటల షిఫ్ట్‌కు టైమవుతుంది. ఇద్దరూ ఒకే స్కూటరెక్కి కర్మాగారం గేటు వైపు పోతారు. ఎవరు గెలిచారో తేలక, పైసలు ఎవరూ తీయరు. ఠేలావాడు అట్ట చిరిగిన పుస్తకం తెరిచి, ఇద్దరి పేర్ల కిందా సగం సగం రాసుకుంటాడు. సెక్టర్ 4లో ఏ సర్దుబాటుకూ లొంగని అయిదో ఖాతా అదొక్కటే.