ఆకుల చిన్నాయన

మహానంది కోనేటి మెట్ల మీదో, నంద్యాల బస్సులో పక్క సీట్లోనో, గాజులపల్లె టీకొట్టు బల్ల మీదో ఆకుల చిన్నాయన మీకు తగలక మానడు. మీరు దగ్గితే చాలు. దగ్గకపోయినా మొహం చూసి, "ఏం నాయనా, పైత్యమా?" అని ఆయనే మొదలుపెడతాడు.

కీళ్లనొప్పి నుంచి బట్టతల దాకా దేనికైనా ముందు కోనేటి నీళ్లు తాగాలి. "నల్లమల వేర్లన్నీ కడుక్కుంటా వచ్చే నీళ్లప్పా! ఇంతకు మించిన కషాయం యాడుంది?" ఆ నీళ్లే పారే అరటితోటలకు సిగటోక తెగులు ఎందుకొస్తుందని అడిగితే, "చెట్లు పథ్యం చేస్తాయా?" అన్నాడు.

పథ్యమే ఆయన కోట. ఆయన ఇచ్చిన ఆకు తింటూ వంకాయ, మాంసం, చింతపండు, పగటినిద్ర మండలం పాటు మానాలి. తగ్గిందా, ఆకు మహిమ. తగ్గలేదా, "యాడనో పెండ్లిలో చారు తాగింటావు." సీమలో పుట్టి నలభై రోజులు చింతపండు మానిన మనిషి లేడు గనక, చిన్నాయన మందు ఇంతవరకు ఓడిపోలేదు.

షుగరుకు పొడపత్రి. ఆకు నమిలించి, నోట్లో చెంచాడు చక్కెర పోస్తాడు. ఇసుక నమిలినట్టే ఉంటుంది. "చూస్తివా, నోట్లోనే చచ్చిపాయ చక్కెర. ఇంక ఒంట్లో బతుకుతాదా?" చచ్చింది చక్కెర కాదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు అడ్డుపడి కాసేపు నాలుకకు తీపి తెలియలేదు, అంతే. మింగిన చక్కెర మాత్రం ఎప్పటిలాగే నెత్తురులో చేరుతుంది.

2021 మేలో కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఆనందయ్య పంచిన నాటుమందుకు జనం ఎగబడ్డప్పుడు చిన్నాయన నేల మీద నడవలేదు. హాని లేదనీ, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదనీ నివేదిక వచ్చాక, కంటిచుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు ఆ నెలాఖరున ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇంత పొడుగు వాక్యంలో చిన్నాయన చెవిన పడ్డవి చివరి రెండు మాటలే.

షుగరు నయం చేస్తామని ప్రకటన వేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అలాంటి జబ్బులు ఆ చట్టం పట్టికలో 54 ఉన్నాయి. కానీ చిన్నాయన ప్రకటన వేయడు, పైసా పుచ్చుకోడు, పైగా టీ డబ్బులు కూడా ఆయనే ఇస్తాడు. అలాంటివాణ్ణి కాదనడానికి నోరు రాదు. కాదనకండి. టీ తాగండి, కోనేట్లో మునగండి, సరదాకి ఒక ఆకు నమలండి. డాక్టరు రాసిన షుగరు మాత్ర మాత్రం, ఆయనకు చెప్పకుండా, వేళకు వేసుకోండి.