టార్చి కాస్త ఇటు

మా బాబాయి ఎదుట ఎవరూ దగ్గకూడదు. దగ్గితే చెవి ఇటు పడేసి, "టాపెట్లు లూజయ్యాయిరా" అంటాడు. మోకాళ్లు నొప్పులంటే బుష్షులు పోయినట్టు. పక్కింటి తాతగారు పోయిన రోజున కూడా "కంప్రెషన్ పడిపోయిందండీ, మనం మాత్రం ఏం చేస్తాం" అని నిట్టూర్చాడు. వాళ్లబ్బాయి అదేదో వైద్యుల మాట అనుకుని తలూపాడు.

ఇంతా చేసి ఆయన కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. మెకానిక్కు కాదు. ఆ సంగతి ఆయన ముందు అనకండి.

విజయవాడలో ఆయన పోర్టికో నిండా 1986 నాటి ప్రీమియర్ పద్మిని. ఇటలీవాళ్ల ఫియట్ 1100కి మనం పెట్టుకున్న రాణీగారి పేరు. ఆ కార్ల తయారీ ఆగిపోయి పాతికేళ్లవుతున్నా ఆయన లెక్కలో ఆ తర్వాత కారే పుట్టలేదు. "బానెట్ ఎత్తితే లోపల ఇంకో ప్లాస్టిక్ మూత! అదీ ఒక బండేనా?"

కిందటి దసరాకి సైలెన్సర్లోంచి నీలంపొగ మొదలైంది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు, నీలమైతే ఇంజనాయిలు కాలుతున్నట్టు అని చంటిపిల్లలకి రంగులు నేర్పినట్టు మా అందరికీ నేర్పాడు. మొత్తానికి ఇంజను బోరుకొచ్చింది. ఇంకొకరైతే ఆటోనగర్లో అప్పజెప్పి ఇంటికొచ్చి భోంచేస్తారు. ఈ జాతి అలా కాదు. మా చెల్లెలి ఉయ్యాల కట్టిన కొక్కేనికే చైన్ బ్లాక్ తగిలించి, జోలపాట ఒక్కటే తక్కువగా ఇంజను పైకి లేపాడు.

మొదటి దెబ్బ వంటింటికి తగిలింది. ఇంజనుకి నాలుగు సిలిండర్లు, ఇడ్లీ రేకుకి నాలుగు గుంటలు. ఇది దైవసంకల్పం కాదంటే ఆయన ఒప్పుకోడు. డీజిల్లో కడిగి, ఏ సిలిండరు స్ప్రింగులు, లాకులు ఆ గుంటలోకి. పుష్ రాడ్లు ఎనిమిదింటినీ చెప్పులపెట్టె మూతకి చిల్లులు పొడిచి, నంబర్లు వేసి గుచ్చాడు. ఇన్నేళ్లూ జంటగా అరిగినవి ఆ జంటల్లోనే ఉండాలట. పిస్టన్ దించేటప్పుడు రింగులు నొక్కిపట్టడానికి నేతి డబ్బా రేకు కత్తిరించాడు. డబ్బాలో నెయ్యి ఉందని ఆయనకి తర్వాత తెలిసింది.

ఇంట్లో ఇంత పులిని ఆటోనగర్ లేతు షాపులో చూడాలి. పాతికేళ్ల కుర్రాడు బోరులో గేజి పెట్టి తిప్పి, తలెత్తకుండానే, "బాబాయ్, ఇరవై చాలదు. నలభై కొట్టాలి" అన్నాడు. అంగుళంలో వెయ్యో వంతులు నలభై. అంటే 68 మిల్లీమీటర్ల బోరు ఇంకో మిల్లీమీటరు పెద్దదవుతుంది. ఆఫీసులో సూపర్నెంటుకే లేవని మనిషి అక్కడ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "మీరెలా అంటే అలా బాబూ" అన్నాడు.

పిన్ని ఉద్యోగం టార్చి పట్టుకోవడం. నలభై ఏళ్ల సర్వీసు, ప్రమోషన్ లేదు. "టార్చి కాస్త ఇటు... ఇటంటే అటు కాదే!" అనే మాట తప్ప ఆ రెండు నెలల్లో దంపతుల మధ్య వేరే సంభాషణ నేను వినలేదు.

ముహూర్తం చూసి, నిమ్మకాయ పెట్టి, సెల్ఫ్ కొట్టాడు. కార్బొరేటర్ ఫట్టుమని తుమ్మింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తుమ్ము. తుమ్మితే ఆగాలని బయల్దేరినవాళ్లకి చెప్పే శాస్త్రం ఇంజనుకి వర్తించదని, బ్యాటరీ నీరసించేదాకా కొట్టాడు. పెట్రోలు కల్తీ అన్నాడు. కాయిల్ చెడిందన్నాడు. నిమ్మకాయ ఎండిందన్నాడు.

"ఏమండీ," అంది పిన్ని, టార్చి ఆర్పి. "మీరు డిస్ట్రిబ్యూటర్ బిగించినప్పుడు ఒకటోదాని రాకర్లు రెండూ బిగుసుకున్నాయి. వదులుగా ఆడింది నాలుగోదానివి."

వీధి నిశ్శబ్దమైంది. ఒకటో పిస్టనూ నాలుగో పిస్టనూ కవలల్లా కలిసే పైకొస్తాయి. కాకపోతే ఒకటి ఊపిరి బిగపట్టి నిప్పు కోసం చూస్తుంటే, రెండోది అప్పుడే పొగ వదిలి మళ్లీ గాలి పీల్చబోతుంటుంది. బాబాయి పీల్చబోయేదానికి నిప్పు పెట్టాడు. ఏమీ మాట్లాడకుండా ప్లగ్గు వైర్లలో ఒకటీ నాలుగూ, రెండూ మూడూ తారుమారు చేశాడు. సెల్ఫ్ ముట్టుకున్నాడో లేదో, పద్మిని గొంతెత్తింది.

"నాకు ముందే అనుమానం. ఆవిడ పట్టుకుంటుందా లేదా అని చూశా," అని ఆయన గేటు దగ్గర జనంతో చెబుతుండగానే, పిన్ని స్ప్రింగుల జిడ్డు వదిలేలా ఇడ్లీ రేకులు చింతపండేసి తోముతోంది.

మర్నాడు పొద్దున ఇడ్లీలో సన్నగా డీజిలు వాసన. మేమంతా చట్నీ ఎక్కువ వేయించుకుని దిగమింగాం. బాబాయి మాత్రం ముక్క తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇంకో రెండు వేయించుకున్నాడు.