వాయిదా సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: వాది హాజరు. ప్రతివాది గడువు కోరిరి. ఆఖరి అవకాశం. వాయిదా.

టీక: వాది హాజరు = పొలం పని మానుకొని, మొదటి బస్సెక్కి, బంట్రోతు పిలుపు కోసం కోర్టు వరండాలో నిలబడెను; గడువు కోరిరి = సీనియరుగారు వేరే కోర్టులో ఉన్నారని జూనియరు మనవి చేసెను; ఆఖరి అవకాశం = రాబోవు పెక్కు ఆఖర్లలో ఇది మొదటిది; వాయిదా = కోరినవారికి కోరినట్టే సిద్ధించెను.

తాత్పర్యం: ఆ రోజు కేసు నడవలేదని పామరులు అనుకుంటారు. నిజానికి ప్రతివాదికి కావలసిన పని పూర్తయింది. గట్టు తగాదానే తీసుకోండి. పొలం చేతిలో ఉన్నవాడికి తీర్పుతో ఏం పని? దావా నానుతున్నన్నాళ్ళూ పంట అతని ఇంటికే చేరుతుంది. మధ్యంతర ఇంజంక్షన్ దక్కితే వాదికీ అదే ధీమా వస్తుంది. అప్పటినుంచి గడువు అడగడం అతని వంతు. సాగదీతకు మూలం బద్ధకం కాదు, లాభం. సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవారికి ఇది తెలుసు. విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని 17వ ఆర్డరు అంటుంది. ప్లీడరు మరో కోర్టులో ఉండటం కారణమే కాదనీ అంటుంది. ఒక సాకును చట్టమే విప్పిచెప్పి కాదనవలసి వచ్చిందంటే అది ఎంతగా చెలామణీలో ఉండి ఉండాలి!

పూర్వపక్షం: జడ్జీలు చాలరు, కేసులు కుప్పలు, వాయిదా పడక ఏమవుతుంది? నిజమే. అయితే జడ్జి లేక పడ్డ వాయిదా ఎవరూ అడగనిది. మన మూలంలోనిది అడిగి తెచ్చుకున్నది. రెండింటినీ ఒకే పద్దులో కలిపేస్తే అడిగినవాడు హాయిగా తప్పించుకుంటాడు. మరి ఉన్నట్టుండి ఆస్పత్రి పాలైనవాడి గతేమిటి? 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది: కక్షిదారు చేతిలో లేని విపత్తు వస్తే మూడు దాటినా గడువు ఇవ్వవచ్చు. సమంజసమే, కానీ సీనియరుగారి రద్దీ విపత్తు కిందికి రాదు. ఇక అదే కోడ్‌లో 35బి సెక్షను ఉంది: కోర్టుకొచ్చిన ఎదుటి పక్షానికి ఆ రోజు ఖర్చులు ఇప్పించవచ్చు, అవి కట్టనిదే కేసు ముందుకు నడపనివ్వరు. చిక్కల్లా విధించే మొత్తంలో ఉంది. వాది బస్సు చార్జీకి, పోయిన కూలికి, సాక్షుల రాకపోకలకు సరిపడా వేస్తే ప్రతివాది రెండోసారి అడగడానికి ఆలోచిస్తాడు. ఏ వంద రూపాయలో వేస్తే ఎరువుల ఖర్చులో కలిపి రాసుకుంటాడు.