జాము జామున జాము
(ఒక డబల్ రొట్టె పద్యానికి టీకా తాత్పర్యం)

మూలం

ఆ.వె.
డబలు రొట్టె తినిన గుబులు పోవునటంచు
జాము పూసి మెక్కె జాము జాము;
బొజ్జ తగ్గలేదు! పొరపాటు రొట్టెదా?
పూతదో? తెలుపుము పుణ్యపురుష!

అవతారిక

కవి కాలాదులు చెప్పి గాని పద్యం ముట్టుకోకూడదు. అది వ్యాఖ్యాతల ఆచారం. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920 డిసెంబర్ 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. ఆ బొగ్గు వెంబడే వచ్చిన ఊళ్లలో గోదావరికి ఆ గట్టున గోదావరిఖని, ఈ గట్టున మా శ్రీరాంపూర్. ఇక్కడి ఆర్కే బాయిల్లో (గనుల్లో) ఒకదానిలో మా బావ బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రానికి ఆపరేటర్. ప్రస్తుత కావ్యానికి ఆయనే నాయకుడు, ధీరోదాత్తుడు, స్థూలకాయుడు.

గని కార్మికునికి కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష తప్పదు. గనుల నిబంధనల్లోనే ఆ మాట ఉంది. పోయినసారి పరీక్షలో బావ ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు అని తేలింది. భారతీయులకు వైద్యులు పెట్టుకున్న కొలత ప్రకారం బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. బావది 28 దాటింది. ఆ ఎత్తుకు 62 కిలోల దగ్గర ఆగవలసిన మనిషి. డాక్టరుగారు, "పొద్దున టిఫిన్ తేలికగా తీసుకోండి" అన్నారు.

కథకు బీజం ఈ ఒక్క వాక్యమే. తేలిక అన్న పదానికి బావ చేసుకున్న అర్థం, చేత్తో ఎత్తితే తేలికగా ఉండేది అని. బజారులో అలా ఎత్తి చూస్తే బ్రెడ్డు ప్యాకెట్టును మించిన తేలిక వస్తువు దొరకలేదు. మూడు నెలలు నిష్ఠగా తిన్నాడు. తూకం మిషన్ ఎక్కితే 80.

ఆ వారంలోనే క్యాలెండరు వెనక, పాల లెక్కల కింద, పెన్సిల్‌తో ఈ పద్యం కనిపించింది. కర్త పేరు లేదు. చేతిరాత మా అక్కది. నేను తెలుగు పండితుడిగా రిటైరయినవాణ్ణి, పద్యం చేతికి చిక్కితే టీక రాయకుండా వదిలే అలవాటు లేదు.

ప్రతిపదార్థం

డబలు రొట్టె = మైదా, ఈస్టు, ఉప్పు, కాసింత చక్కెర, నీరు కలిసి పొంగి కాలిన రొట్టెను; తినినన్ = తిన్నట్లయితే; గుబులు = బరువును గురించిన దిగులు; పోవున్ + అట + అంచున్ = పోతుందట అని; జాము = చక్కెరపాకంలో ఉడికిన పండ్ల ముద్దను; పూసి = రొట్టె కనపడనంత మందంగా పట్టించి; జాము జామున్ = ప్రతి జామునందును; మెక్కెన్ = తినెను; బొజ్జ = ఉదరము; తగ్గలేదు = తగ్గలేదు (స్పష్టము); పొరపాటు = తప్పు; రొట్టెదా = రొట్టెకు చెందినదా; పూతదో = పైన పూసినదానిదో; పుణ్యపురుష = ఓ పుణ్యాత్ముడా; తెలుపుము = చెప్పుము.

"అట": ఎవరు చెప్పారో చెప్పకుండానే చెప్పేసే అవ్యయం. మన బస్తీల్లో పథ్య శాస్త్రమంతా ఈ రెండక్షరాల మీదే నిలబడి ఉంది. బ్రెడ్డు తింటే సన్నబడతారట, అన్నం తింటే లావెక్కుతారట, నిమ్మకాయ నీళ్లు కొవ్వు కోస్తాయట.

"జాము": పూర్వం రోజుకు ఎనిమిది జాములు, జాముకు మూడు గంటలు. సింగరేణిలో రోజుకు మూడే జాములు: మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. భూగర్భంలో మనిషి చేత రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని 1952 గనుల చట్టం అంది. నోటి పనికి ఆ చట్టం హద్దు పెట్టలేదు.

"మెక్కెన్": భుజించెను, ఆరగించెను అన్న మాటలుండగా కవయిత్రి దీన్నే ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. వండి పెట్టేవారికే ఆ ధాతువు పూర్తి అర్థం తెలుస్తుంది.

"పుణ్యపురుష": డాక్టరుగారికి సంబోధన అని ఒక పక్షం. భర్తకే సంబోధన, అదీ పళ్లు కొరుకుతూ అని మరో పక్షం. నేను మా అక్క ముఖం చూసి రెండోదాన్నే స్వీకరించాను.

పాఠాంతరం

రెండో పాదంలో "వెన్న పూసి" అని దిద్దితే బాగుంటుందని బావ సూచించాడు. ఆ పాఠం చెల్లదు. వె-జాలకు యతి కుదరదు. యతితోబాటు నడుమూ చెడుతుంది. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 75 కేలరీలుంటే, పది గ్రాముల వెన్నలో ఇంచుమించు అంతే ఉంటాయి. అంటే వెన్న పూసిన ముక్క ఒకటి తిన్నవాడు లెక్కకు రెండు తిన్నవాడే. జాము ఒక చెంచాకు 50 కేలరీలతో కొంత నయమనిపిస్తుంది గాని, దాని బరువులో సగానికి పైగా చక్కెరే. పైగా జాము సీసాలో చెంచా ఒక్కసారితో బయటికి రాదు.

వ్యాకరణ విశేషాలు

"డబల్ రొట్టె" ఏ సమాసం? ద్విగువని బావ వాదం. పేరులోనే రెండున్నాయి కనుక రెండు తింటే ఒకటి కిందే లెక్క అంటాడు. కర్మధారయమని లోకం: రెట్టింపుగా పొంగిన రొట్టె. నా మతంలో ఇది బహువ్రీహి. దేనిచేత రెట్టింపగునో వాడు, అనగా తిన్నవాడు. బహువ్రీహి అన్న మాటకే వడ్లు దండిగా గలవాడని అర్థం గనుక శాస్త్రం కూడా నా వైపే ఉంది.

ఇక అసలు సంగతి. సంధుల్లో ఆగమం, ఆదేశం అని రెండుంటాయి. ఉన్న అక్షరాలను కదపకుండా పక్కన వచ్చి కూర్చునేది ఆగమం, ఉన్నదాన్ని లేపి దాని చోట కూర్చునేది ఆదేశం. అందుకే వైయాకరణులు మొదటిదాన్ని మిత్రునితో, రెండోదాన్ని శత్రువుతో పోలుస్తారు. బావ ఇంట్లో బ్రెడ్డు ఏ రూపంలో వచ్చిందో తేల్చడానికి ఒకనాడు మొదటి షిఫ్టు వేళకు ముందే వెళ్లి వంటింటి గుమ్మంలో కూర్చున్నాను.

బావ స్టీలు పళ్లెంలో రెండు ముక్కలు పెట్టుకున్నాడు. చెంచాతో జాము తీసి అంచుల దాకా పూసి, మూలలు కూడా వదలకుండా మేస్త్రీ గోడకు సిమెంటు పట్టించినట్టు సాపు చేశాడు. చాయ్‌లో ముంచి రెండే నిమిషాల్లో ముగించాడు.

"చూసినవా పంతులూ, రొండే ముక్కలు" అన్నాడు.

అక్క పొయ్యి దగ్గర నుంచి, "బాయి మీదికి పోయెటోనికి బ్రెడ్డు ఆనుతదా?" అంటూ నాలుగు ఇడ్లీలు తెచ్చి అదే పళ్లెంలో వేసింది. బావ కాదనలేదు.

"బావా, మరి ఇవి?"

"అవి టిఫిన్. బ్రెడ్డు డైటింగు" అన్నాడు.

యడాగమం, టుగాగమం, నుగాగమం, రుగాగమం విన్నాం. ఇది బ్రెడ్డాగమం. లెక్క వేస్తే బ్రెడ్డు 150, రెండు చెంచాల జాము 100, నాలుగు ఇడ్లీలు సుమారు 240, రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ 70. మొత్తం 560 దాకా. షిఫ్టు దిగాక క్యాంటీన్ దగ్గర తినే మిర్చి బజ్జీలు ఇందులో లేవు. అవి మరో ప్రకరణం.

పూర్వపక్షం, సమాధానం

"జ్వరం వచ్చినవాడికి బ్రెడ్డే పెడతాం కదా, కనుక అది పథ్యం" అంటారా? నిజమే. మన దగ్గర బ్రెడ్డు మొదట మంచం పట్టిన వాడి తిండి. రాజకీయ నాయకుని పుట్టినరోజు వస్తే ఆసుపత్రిలో రోగులకు పండ్లు, బ్రెడ్డు పంచి ఫొటో దిగడం నేటికీ ఆచారమే. అయితే రోగికి దాన్ని పెట్టింది మెత్తగా ఉండి త్వరగా అరుగుతుందని. త్వరగా అరిగేది త్వరగా ఆకలినీ తెస్తుంది. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం ఈ సంగతినే కొలిచింది. ఒక్కొక్కటి 240 కేలరీలు వచ్చేటట్టు 38 రకాల ఆహారాలు పెట్టి, తిన్నాక రెండు గంటలు కడుపు ఎంత నిండుగా ఉందో అడిగారు. తెల్ల బ్రెడ్డును 100గా పెట్టుకుంటే, ముడి గోధుమ బ్రెడ్డుకు 157, గుడ్లకు 150, ఉడికిన ఆలుగడ్డకు 323 వచ్చాయి. బరువు తగ్గడానికి బావ ఎంచుకున్న తెల్ల బ్రెడ్డు ఆ పరీక్షలో తూకపురాయి మాత్రమే. పైగా అదే బ్రెడ్డును నేతిలో వేయించి పాకంలో నానబెడితే హైదరాబాద్ పెళ్లి విందులో డబుల్ కా మీఠా అవుతుంది. దాన్ని పథ్యమనే సాహసం ఏ వ్యాఖ్యాతా చేయడు.

"అయితే బ్రౌన్ బ్రెడ్డు తింటాం" అంటారా? రంగును చూసి గుణం నిర్ణయించడం బొగ్గు ఊళ్లో ఉన్నవాళ్లు చేయవలసిన పని కాదు. నల్లగా ఉన్న ప్రతి రాయీ బొగ్గు కాదని, అందులో బండ కూడా ఉంటుందని మనకంటే ఎవరికి తెలుసు? మైదా రొట్టెకు కారమెల్ రంగు వేసినా గోధుమ వన్నె వస్తుంది.

"మా నాయిన కుండెడన్నం తిని కూడ సన్నగనే ఉండె. ఇది మా ఇంటి రక్తం కాదు, బ్రెడ్డు దోషమే" అని బావ చివరి వాదం. ఇది కొంచెం బరువైనది. ఆగి సమాధానం చెప్పాలి. బావ తండ్రి కోల్ ఫిల్లర్. తట్టా, చెమ్మస్ అనే పారతో బొగ్గెత్తి టబ్బులు నింపినవాడు. బావ అదే బాయిలో ఎస్‌డీఎల్ మీద కూర్చుని మీటలు తిప్పుతాడు. తండ్రి భుజం మోసిన బరువును ఇప్పుడు యంత్రం మోస్తోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనిలో రోజుకు 2110 కేలరీలు చాలు. మధ్యరకం పనికి 2710, ఒళ్లు వంచి చేసే కష్టానికి 3470 కావాలి. మొదటిదానికీ చివరిదానికీ తేడా 1360, దాదాపు 18 బ్రెడ్డు ముక్కలు. తండ్రీ కొడుకుల నడుమ ఆ తేడాలో కొంతైనా చెమ్మస్ పట్టుకుపోయింది. పళ్లెం మాత్రం తండ్రిదే కొడుక్కి వారసత్వంగా వచ్చింది. తండ్రి వల్ల దక్కిన డిపెండెంట్ ఉద్యోగంతోపాటు డిపెండెంట్ ఆకలి కూడా వచ్చిందన్నమాట.

సిద్ధాంతం

పద్యం అడిగిన ప్రశ్నకు జవాబు: పొరపాటు రొట్టెది కాదు, పూతది సగం, పక్కన చేరిన ఇడ్లీలది సగం. రెండు ఇడ్లీలకూ రెండు బ్రెడ్డు ముక్కలకూ కేలరీల్లో పెద్ద తేడా లేదు. కాబట్టి బ్రెడ్డు ఆదేశంగా వస్తే బరువు తగ్గే పథ్యంలో నిక్షేపంగా ఇముడుతుంది. ఇడ్లీనో పూరీనో లేపి ఆ చోట కూర్చోవాలి. ఆగమంగా వస్తే ఎంత మంచి గోధుమలదైనా చెరుపే. మిత్రునిలా వచ్చి పక్కన కూర్చున్న ప్రతి ముద్దా నడుము దగ్గరే స్థిరపడుతుంది.

ప్రయోగం ఇలా ఉండాలి: ముడి గోధుమ బ్రెడ్డు రెండు ముక్కలు, ఉడికిన గుడ్లు రెండు, ఉల్లిగడ్డ, టమాట, చక్కెర లేని చాయ్. గుడ్డు తిననివారు మొలకెత్తిన పెసలు వేసుకోవచ్చు. పాత పళ్లెం కంటే కేలరీలు తక్కువే. షిఫ్టు సగం దాకా కడుపు అడగదు. జొన్న రొట్టె దొరికిన రోజున డబల్ రొట్టె కోసం దుకాణానికి పోనక్కరలేదు. మన నాలుకకు రొట్టె అంటే మొదట అదే.

అలంకారం

"జాము... జాము జాము" యమకం. మొదటిది సీసాలోది, తరువాతివి గడియారంలోవి. బొజ్జ తగ్గడానికి చేసిన ప్రయత్నమే బొజ్జను పెంచింది గనుక విషమాలంకారం. బావను పుణ్యపురుషుడనడం వ్యాజస్తుతి.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య విన్న తరువాత బావ జాము మానేసి, ఇడ్లీ పూట ఇడ్లీ, బ్రెడ్డు పూట బ్రెడ్డు అని విడదీసుకున్నాడు. షిఫ్టు దిగినాక కాలనీ మైదానం చుట్టూ నడుస్తున్నాడు. ఆరు నెలలకు 75 కిలోలు. ఇంకా దిగవలసింది ఉంది. వ్యాఖ్య చదివినంత మాత్రాన ఎవరికీ బరువు తగ్గదు.

పాఠకులకు ఒక్క మనవి. బ్రెడ్డు ప్యాకెట్టు కూడా ఒక గ్రంథమే. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే బ్రౌన్, మల్టీగ్రెయిన్, హెల్తీ అన్నవి వ్యాఖ్యానాలు, నాలాంటివాళ్లు రాసినవి. మూలం వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అక్కడ పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువ వరసలో అచ్చు వేస్తారు. మొదటి మాట మైదా అయితే అది మైదా రొట్టె, మొదటి మాట ముడి గోధుమపిండి అయితే అది గోధుమ రొట్టె. కళ్లజోడు పెట్టుకుని మూలం చదివి కొనండి.